రాక్స్‌హోమ్ విమాన ప్రమాదం (1941)

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 డిసెంబరు 11న, ఇంగ్లండులోని లింకన్‌షైర్ కౌంటీలో రాక్స్‌హోమ్ అనే చిన్న ఊరి మీద ఆకాశంలో రెండు సైనిక విమానాలు ఢీకొన్నాయి. ఒకటి కెనడా వైమానిక దళం 412వ స్క్వాడ్రన్‌కు చెందిన స్పిట్‌ఫైర్. రెండోది క్రాన్‌వెల్ స్థావరం నుంచి బయలుదేరిన ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్ శిక్షణ విమానం. రెండింటి పైలట్లూ చనిపోయారు. ఇద్దరికీ పందొమ్మిదేళ్లే.

స్పిట్‌ఫైర్ నడిపినవాడు జాన్ గిలెస్పీ మెగీ. 1922లో షాంఘైలో, అమెరికన్ తండ్రికీ ఆంగ్లేయురాలైన తల్లికీ పుట్టాడు. ఇద్దరూ క్రైస్తవ మిషనరీలు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 1940లో కెనడా దళంలో చేరాడు.

ప్రమాదం జరిగిన రోజు మెగీ అభ్యాసం ముగించుకుని తోటి విమానాలతో కలిసి మబ్బుల సందులోంచి వేగంగా కిందికి దిగుతుండగా ఆక్స్‌ఫర్డ్ అడ్డువచ్చింది. అప్పుడు వాళ్లున్న ఎత్తు సుమారు 1,400 అడుగులే. మెగీ కాక్‌పిట్ మూతను వెనక్కి నెట్టడానికి పెనుగులాడి, చివరికి లేచి నిలబడి దూకడం ఒక రైతు కళ్లారా చూశాడు. పారాచూట్ విచ్చుకునేంత ఎత్తు మిగల్లేదు.

అంతకు కొన్ని నెలల ముందే మెగీ ‘హై ఫ్లైట్’ అనే సానెట్ రాసి ఇంటికి పంపాడు. పైలట్లు నేటికీ గుండెలకు హత్తుకునే కవిత అది. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక దుర్ఘటన నాడు అమెరికా అధ్యక్షుడు రీగన్ తన ప్రసంగంలో దాన్ని తలచుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ నడుపుతూ మరణించిన శిక్షణార్థిని మాత్రం లోకం దాదాపు మరచిపోయింది.

మెగీ సమాధి లింకన్‌షైర్‌లోని స్కాప్‌విక్ గ్రామ శ్మశానంలో ఉంది. దానిపై ఆ సానెట్ మొదటి, చివరి పాదాలు చెక్కారు.