టచింగ్ లేని ఫోటో

ముంజేతి మీద నరాలు పచ్చగా తేలి కనిపిస్తే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఊరుకోరు. "ఏమిటే తల్లీ, అలా చిక్కిపోయావు?" అంటారు. పెళ్లీడు పిల్లయితే మరీ కంగారు. ఈ కంగారు ఇవాళ్టిది కాదు. స్త్రీ పిక్కలు నున్నగా ఉండాలనీ, వాటి మీద రోమాలూ నరాలూ కనపడకూడదనీ సాముద్రికశాస్త్రం ఏనాడో తేల్చిపెట్టింది. శిల్పులూ ఆ దారినే పోయారు. అమరావతి శిల్పాల్లో ఎంతమంది స్త్రీలున్నారో చూడండి, అందరివీ నునుపు తేరిన చేతులే.

శిల్పికి నరం చెక్కడం రాక కాదు. లాహోరు మ్యూజియంలో గాంధార శిల్పం ఒకటుంది. ఉపవాసాలతో శల్యమైపోయిన సిద్ధార్థుడు. డొక్కల మీదుగా నరాలు తీగల్లా పాకి ఉంటాయి. చూసినవాళ్లు "ఎంత తపస్సు!" అని చేతులు జోడిస్తారు. అదే ఆడదాని ఒంటి మీద నరాలూ ఎముకలూ చెక్కితే ఆవిడ చాముండి అయిపోతుంది, చూసి జడుసుకోవాలి. మధ్యలో కారైక్కాల్ అమ్మయారు ఒకావిడ ఉంది. తమిళదేశపు శివభక్తురాలు. ఈ అందం నాకొద్దు, తీసేసుకో స్వామీ అని తానే అడిగిందట. చోళుల నాటి కంచు విగ్రహాల్లో ఆవిడ బక్కచిక్కిన ఒంటితో, చేతిలో తాళాలతో, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు కూర్చుని ఉంటుంది.

పందొమ్మిదో శతాబ్దంలో కెమెరా వచ్చింది. దానికి సాముద్రికం తెలియదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువే చూపించింది! అప్పటి గాజు ప్లేట్లకు నీలం బాగా అందేది, ఎరుపు దాదాపు అందేదే కాదు. అందువల్ల నీలాకాశం ఉత్త తెల్లకాగితంలా పడేది. బుగ్గ మీది ఎర్రటి మొటిమ నల్లమచ్చ అయి కూర్చునేది. ఆనాటి దొరసానులు తమ ఫోటోలు చూసుకుని నొచ్చుకున్నారంటే అదంతా వయ్యారమే అనడానికి లేదు. ప్లేటే చాడీలు చెప్పింది మరి. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్లేటుకు కొన్ని రంగులు అద్ది, ఆకుపచ్చ కూడా అందేలా చేశాడు. ఎరుపూ అందే ప్లేట్లు బజారుకు రావడానికి 1906 దాకా పట్టింది. ఈలోగా ఆ లోపం దిద్దే పని పెన్సిలు మీద పడింది.

అదే టచింగ్. మ్యూనిక్ నగరపు ఫోటోగ్రాఫర్ హాన్‌ఫ్‌స్టేంగల్ 1855లో పారిస్ ప్రదర్శనలో ఒకే ఫోటోను టచింగుకు ముందు ఒకటి, తరవాత ఒకటి పెట్టి జనాన్ని ఆశ్చర్యపరిచాడని చెబుతారు. ఆ పని ఎలా చేస్తారంటే - నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది కదా. మొహం మీది ముడతా, నరం పక్కన పడే నీడా అక్కడ పలచటి తెల్లగీతల్లా ఉంటాయి. నెగెటివ్‌ను ఏటవాలు బల్లలో అమర్చి, కింద అద్దం పెట్టి వెలుతురు పైకి పంపి, పెన్సిలు పట్టడానికి కాస్త వార్నిష్ లాంటిది రాసి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో ఆ గీతల్ని చుక్కచుక్కగా నింపుతారు. ప్రింటు వేసేసరికి ముడత మాయం, నరం మాయం. ఎంత ఓపిక కావాలో ముగ్గు పెట్టే చేతికి వేరే చెప్పక్కర్లేదు. మన ఊళ్ల స్టూడియోల్లో పెళ్లిచూపులకు పంపే ఫోటోలన్నీ ఈ పెన్సిలు కిందుగా వచ్చినవే.

సరే, ప్లేట్లు బాగుపడ్డాయి, ఎరుపూ అందింది. ఇక పెన్సిలు ఇంటికి వెళ్లిపోవాలి కదా? వెళ్లలేదండీ! దిద్దుబాటుకు వచ్చింది అలంకారమై స్థిరపడింది. ఇవాళ సెల్‌ఫోన్లలో మనం అడక్కుండానే మొహాన్ని నున్నగా చేసేస్తున్న ఏర్పాటు ఆ పెన్సిలుకు మనవడే.

ఆ పెన్సిలు నాకొద్దు అన్నవాళ్లలో మొదట చెప్పుకోవలసింది జూలియా మార్గరెట్ కామెరాన్‌ని. 1815లో కలకత్తాలో పుట్టింది. 1863లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇస్తే, ఇంగ్లండులోని తమ ఇంట్లో కోళ్లగూడును స్టూడియోగా, బొగ్గులకొట్టును చీకటిగదిగా మార్చేసింది. పెన్సిలుతో మొహాలు నున్నగా చెయ్యడం ఆవిడకు గిట్టదు. 1867లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్‌ను తీసిన ఫోటోలో ప్రతి ముడతా ఒక నక్షత్రంలా వెలుగుతుంది. బాగుంది. కానీ ఆవిడ తీసిన ఆడవాళ్లెవరు? ఎక్కువమంది పడుచువాళ్లు, మసకవెలుగులో మేరీమాతల్లా ఉండేవాళ్లు. ముడత మగవాడికైతే మేధస్సు, ఆడవాళ్లకైతే అనవసరం. గాంధార శిల్పి లెక్కను ఆవిడా దాటలేకపోయిందని నాకనిపిస్తుంది.

ఆ లెక్క తప్పింది అమెరికాలో, చేతుల దగ్గర. 1917 నుంచి ఇరవై ఏళ్లపాటు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను మూడువందలకు పైగా ఫోటోలు తీశాడు. మొహం, నగ్నశరీరం, అన్నిటికన్నా మిన్నగా చేతులు. 1919 నాటి ఫోటో ఒకదానిలో, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు ఉంటుంది చూడండి, దానితో ఉన్న చెయ్యి. పని చేసే చెయ్యి అది. 1978లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ ఫోటోల్ని ప్రదర్శించింది. అప్పటికి తొంభై దాటిన ఓకీఫ్, వీటిని చూస్తుంటే ఈ మనిషి ఎవరా అనిపిస్తుందని రాసింది.

అయినా అక్కడ కెమెరా పట్టింది మగవాడే. ఇమోజెన్ కన్నింగ్‌హామ్ కథ వేరు. 1883లో పుట్టిన ఈవిడ రసాయనశాస్త్రం చదివి, జర్మనీ వెళ్లి ఫోటో విద్య నేర్చి, 1910లో సియాటిల్‌లో సొంత స్టూడియో తెరిచింది. 1915లో పెళ్లయింది. ఆ ఏడే రెయినీర్ పర్వతం మీద భర్త నగ్నంగా ఉంటే ఈవిడ కెమెరా వెనక నిలబడి ఫోటోలు తీసింది. ఊరు భగ్గుమంది. ఆడదాన్ని మగవాడు గీస్తే కళ, మగవాణ్ని ఆడది తీస్తే అప్రదిష్ట! ఆ నెగెటివ్‌లు చాలా ఏళ్లు పక్కన పడి ఉన్నాయి.

తరవాత ముగ్గురు మగపిల్లలు, అందులో ఇద్దరు కవలలు. గుమ్మం దాటే వీలు లేదు. పిల్లల్ని ఓ కంట కనిపెడుతూనే పెరట్లో పువ్వులనూ ఆకులనూ తీసింది. 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు లోకప్రసిద్ధం. ఆకు మీది ఈనెను చూసిన కన్నే మనిషి ఒంటి మీది నరాన్నీ చూసిందనుకుంటాను. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఆన్సెల్ ఆడమ్స్ మొదలైనవాళ్లతో కలిసి ఎఫ్/64 బృందంలో చేరింది. కెమెరా కంటిపాపను అతి చిన్నదిగా చేసే అంకె అది. అలా తీస్తే దగ్గరదీ దూరందీ అంతా స్ఫుటంగా పడుతుంది. వెలుతురు పక్కనుంచి పడిందంటే ఇక చర్మంలో దాగేదేం లేదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే సున్నం గోడ మీది ప్రతి పెచ్చూ కనిపించదూ, అలాగే.

హాలీవుడ్‌లో ఎవరిని తీస్తావని ఒక పత్రిక అడిగితే, అందంగా లేని మగవాళ్లను పంపండి అందట! 1959లో నిండుగర్భిణిని నగ్నంగా తీసింది. అప్పటికి ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. నగ్నచిత్రమంటే పడుచు, సన్నటి నడుమే అనుకునే కాలంలో.

తొంభై రెండేళ్లు వచ్చాక తన ఈడువాళ్లను వెతుక్కుంటూ బయల్దేరింది. వృద్ధాశ్రమాలకూ ఇళ్లకూ వెళ్లి, నరాలు తేలిన చేతుల్నీ, వడలిన మెడల్నీ ఉన్నవి ఉన్నట్టు తీసింది. 1976 జూన్‌లో, తొంభై మూడో ఏట, ఆ పని మీదుండగానే పోయింది. పుస్తకం మరుసటేడు వచ్చింది. 'తొంభై దాటాక' అని దాని పేరుకు అర్థం. ఆ పుస్తకంలో ఒకావిడ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఒంటినిండా పచ్చబొట్లు పొడిపించుకుని, వాటిని ప్రదర్శనల్లో చూపించి పొట్టపోసుకున్న మనిషి. చర్మం ముడతలు పడింది, దానితోపాటు పచ్చబొట్లూ ముడతలు పడ్డాయి. వాటినేం కప్పుకోకుండా కూర్చుని ఉంది.