గ్రానైటు గుట్ట నుంచి అగ్నిపర్వతానికి: తెలుగువారి పర్వతారోహణలో ఒక క్రమభేదం

మూసీ ఒడ్డున, చైతన్యపురి ఫణిగిరి గుట్టపై, గోవిందరాజ విహారాన్ని ప్రస్తావించే విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం గ్రానైటు బండమీద చెక్కి ఉంది. ఈ నేలపై గుట్టలెక్కడం కొత్త కాదు. గుడి కోసమో, కోట కోసమో, కావలి కోసమో ఎక్కారు. ఎక్కడమే లక్ష్యంగా ఎక్కడం మాత్రం ఇటీవలిది.

ఆ మార్పుకు ప్రధాన సాక్ష్యం భువనగిరి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన ఆ ఏకశిలా దుర్గపు నున్నని పార్శ్వాలే శిక్షణాస్థలమయ్యాయి. నాటి ఉమ్మడి రాష్ట్రపు సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులకు శేఖర్‌బాబు అక్కడే తొలి పాఠాలు చెప్పారు. తాడుపై నమ్మకం, బండపై పాదం నిలపడం, శ్వాసను అదుపులో ఉంచుకోవడం అక్కడ అబ్బాయి. మంచు మాత్రం అక్కడ దొరకదు. దానికోసం డార్జిలింగుకు, ఆపై లడఖ్ చలికాలంలోకి వెళ్లవలసి వచ్చింది. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు.

సాధారణంగా ఔత్సాహికులు అగ్నిపర్వతంతో మొదలుపెడతారు. టాంజానియాలోని కిలిమంజారో (5,895 మీ.) మామూలు దారుల్లో తాడు పని ఉండదు, నడక చాలు. అక్కడి పరీక్ష ఎత్తుది, పలుచని గాలిది. కాకసస్‌లోని ఎల్బ్రస్ (5,642 మీ.) వేరు. హిమానీనదాలు కప్పిన ఆ జంట శిఖరాలకు బూట్లకు ఇనుప ముళ్లు, చేతిలో మంచు గొడ్డలి కావాలి. అదే కొండ దిగువ వాలుల్లో రోప్‌వేలో వచ్చినవారు స్కీయింగ్ చేస్తుంటారు. ఒకే పర్వతం కొందరికి శీతాకాలపు ఆటస్థలం, మరికొందరికి ప్రాణసంకటం.

పూర్ణ విషయంలో వరుస తిరగబడింది: ఎవరెస్టు ముందు, కిలిమంజారో 2016లో, ఎల్బ్రస్ 2017లో. ఇది యాదృచ్ఛికం కాదు. సొంత ఖర్చుతో మెట్టుమెట్టుగా విదేశీ పర్వతాలెక్కే స్తోమత ఉన్నవారి వరుస ఒకటి. ప్రభుత్వ విద్యాలయం ఒక ఆదివాసీ బాలికకు ఒకేసారి తెరిచిన తలుపు మరొకటి. పత్రికలు రెండింటికీ ‘జయించారు’ అన్న ఒకే క్రియ వాడుతున్నాయి. కిలిమంజారో నడకనూ ఎవరెస్టు ఆరోహణనూ ఆ మాట ఒకే గాటన కడుతుంది. భువనగిరి బండపై సాగిన శిక్షణ అందులో కనిపించదు. శిఖరచిత్రాలు భద్రంగానే ఉంటాయి. భద్రపరచవలసినవి శిక్షణ దినచర్యలు, శిక్షకుల జ్ఞాపకాలు, మధ్యలో వెనుదిరిగిన పిల్లల కథనాలు.

2022లో పూర్ణ ఏడు ఖండాల శిఖరాల వరుసను అలాస్కాలోని దెనాలితో ముగించింది. అది అగ్నిపర్వతం కాదు. దాని శిఖరభాగం చాలావరకు గ్రానైటే.