బియ్యం లెక్క, కొవ్వు లెక్క

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఎల్లలు మారినా మన వంటిళ్లలో సంకటి, ఊరుబిండి ఉండనే ఉన్నాయి. తిరువళ్లూరులోనైనా, తిరుత్తణిలోనైనా మధుమేహం గురించి మాట్లాడని ఇల్లు నేడు అరుదు. 'అన్నం తగ్గించండి' అంటారు డాక్టర్లు. ఒకప్పటి సలహా ఇది కాదు. ఈ మార్పు చరిత్ర తెలుసుకోదగ్గది.

1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టాడు. ఆ వ్యాధి ఎక్కువగా పీడించింది మన సర్కారు జిల్లాల తెలుగువారినే. వారు తినేది మరపట్టిన పచ్చి బియ్యం. తవుడుతోపాటే బి1 విటమిన్ పోయేది. తమిళులు తినే పుళుంగల్ అరిసి, అంటే ఉప్పుడు బియ్యం, వారిని చాలావరకు కాపాడింది. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది. ఒకే రాజధానిలో రెండు భాషలవారి ఆరోగ్యం వడ్లు ఉడికించే పద్ధతిని బట్టి వేరైంది!

కూనూరు సంస్థ 1958లో హైదరాబాదుకు తరలింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ డాక్టర్ గోపాలన్ తేల్చిన విషయం గొప్పది: పేద పిల్లల మొదటి లోటు మాంసకృత్తులది కాదు, అసలు కడుపునిండా తిండి లేకపోవడం. కరువు కాలంలో అది న్యాయమైన మాట.

అటు అమెరికాలో 1977లో సెనేట్ సంఘం కొవ్వు తగ్గించి పిండిపదార్థాలు పెంచమంది. 2015 నాటి మార్గదర్శకాలు కొలెస్టరాల్‌కు పెట్టిన 300 మిల్లీగ్రాముల హద్దును ఎత్తివేశాయి. అయితే నెయ్యి, వెన్నవంటి సంతృప్త కొవ్వులపై పది శాతం పరిమితి మాత్రం అలాగే ఉంది. కనుక 'ఇక నెయ్యి ఎంతైనా పోసుకోవచ్చు' అనుకోవడం పొరపాటు.

2024లో హైదరాబాదు సంస్థ కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. మనవారి శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యాలనుంచే వస్తున్నదని, దాన్ని 45కు తగ్గించి, పప్పులు, మాంసాదుల వాటా 15కు చేర్చాలని, మొత్తం కొవ్వు 30 శాతం మించరాదని చెప్పింది.

బ్యాంకులో జమాఖర్చులు చూసినవాణ్ని గనుక నాకొక సందేహం. మన రాష్ట్రంలో 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితం. కందిపప్పు మాత్రం కార్డుకు నెలకు ఒక్క కిలోనే, అదీ డబ్బుకే. సలహా శాతాలలో ఉంది, సంచి కిలోలలో నిండుతుంది. ఈ రెండు పద్దులూ సరిపోలేదాకా కూలివాడి కంచంలో అన్నమే మిగులుతుంది. తప్పు అతనిది మాత్రం కాదు.