ఆదిబట్ల వైమానిక పరిశ్రమ

ఆదిబట్ల రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న ఊరు. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో విమానాలకు, హెలికాప్టర్లకు కావలసిన ప్రధాన భాగాలు తయారవుతాయి. కర్మాగారాల్లో పెద్దవి టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌వీ, విదేశీ కంపెనీలతో కలిసి ఆ సంస్థ పెట్టిన ఉమ్మడి సంస్థలవీ.

మన దేశంలో విమానాల తయారీ అంటే చాలాకాలం బెంగళూరులోని ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఏఎల్ పేరే వినిపించేది. కేంద్రం 2001లో రక్షణ ఉత్పత్తిలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించింది; విదేశీ వాటాను మాత్రం అప్పట్లో 26 శాతానికి పరిమితం చేసింది. ఆదిబట్లలో మొదట సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్ల తయారీ మొదలైంది. లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి పెట్టిన సంస్థ సీ-130జే సూపర్ హెర్క్యులస్ రవాణా విమానానికి తోక భాగాన్ని తయారుచేస్తోంది. ప్రపంచంలో ఎక్కడ ఎగిరే కొత్త సీ-130జేకైనా తోక ఇక్కడినుంచి వెళ్లిందే. బోయింగ్ ఉమ్మడి కర్మాగారాన్ని 2018 మార్చిలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ప్రారంభించారు. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలతో అక్కడ పని మొదలైంది. ఆ తర్వాత 737 విమానం నిలువు తోక రెక్క తయారీ కూడా వచ్చి చేరింది.

పైకి చూస్తే ఇదంతా రేకులు బిగించే పనే. కానీ కష్టమంతా రంధ్రం దగ్గరే. రెండు అల్యూమినియం భాగాలను జిగ్ అనే చట్రంలో కదలకుండా బిగించి డ్రిల్ చేస్తారు. తర్వాత అంచున మిగిలిన గరుకును తీసేసి, సీలెంట్ పూసి, రివెట్ కొడతారు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా, అంచు గరుకుగా మిగిలినా కొన్నేళ్లకు అక్కడే పగులు పుడుతుంది. అందుకే ఏ భాగాన్ని ఎవరు బిగించారో, ఎవరు తనిఖీ చేశారో అంతా రాసి పెడతారు. షిఫ్టు ముగిసేసరికి ఒక్క పనిముట్టు లెక్కకు రాకపోయినా అది దొరికేదాకా వెతకాల్సిందే.

ఇంత చేసినా విమానం మీద ఉండే పేరు వేరు. అపాచీ బాడీ అరిజోనాలోని మెసాకు, హెర్క్యులస్ తోక జార్జియాలోని మరియెట్టాకు వెళ్తాయి. హెలికాప్టర్‌గా, విమానంగా రూపు దిద్దుకునేది అక్కడే. భారత సైన్యం కొన్న ఆరు అపాచీల బాడీలు కూడా ఆదిబట్లలోనే తయారై, అమెరికా వెళ్లి, హెలికాప్టర్లుగా తిరిగొచ్చాయి. కర్మాగారం మన దగ్గరే, కార్మికులూ మనవాళ్లే; డిజైను మీద హక్కు మాత్రం ఈ భాగాలను కొనే విదేశీ కంపెనీది. కాబట్టి దీన్ని స్వదేశీ బ్రాండ్ అనడం తొందరపాటే. అలాగని కూలిపని అని తీసిపారేయడమూ సరికాదు, ఒక భాగానికి ప్రపంచమంతటికీ ఒకే సరఫరాదారుగా నిలవడం చౌక జీతాలతోనే అయ్యే పని కాదు.

పక్కనే ఉన్న కొంగరకలాన్‌లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం పెట్టింది. అక్కడా వస్తువు మీద ఉండేది మరొకరి పేరే.

వైమానిక దళం కోసం 2021లో ఒప్పందం కుదిరిన 56 సీ-295 రవాణా విమానాల్లో 40 మన దేశంలోనే, టాటా చేతుల్లో తయారు కావాలి. వాటి భాగాలు హైదరాబాద్‌లో తయారై, విమానంగా కూర్పు గుజరాత్‌లోని వడోదరలో జరుగుతుంది. వడోదర కర్మాగారం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఈ డిజైను కూడా విదేశీ కంపెనీదే, ఎయిర్‌బస్‌ది. కాకపోతే ఈసారి తోక, బాడీ విడివిడిగా సముద్రం దాటనక్కర్లేదు.