చూడని సినిమా, విన్న చరిత్ర

మనకు అందకుండా పోయిన సినిమాలు రెండు రకాలు. ప్రింటు నశించినవి కొన్ని, ప్రింటు ఉండీ పెట్టె దాటి రానివి కొన్ని. 1921లో మద్రాసులో తీసిన మన తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మొదటి రకం. బీటిల్స్ బృందం పాటల సినిమా ‘లెట్ ఇట్ బీ’ రెండో రకం. 1980ల తొలి రోజుల్లో అది వీడియో టేపుగా వచ్చింది. తరవాత అంగళ్ళలో కనబడలేదు. 2024 మే దాకా మళ్ళీ విడుదల కాలేదు. ఈలోగా జనం దాన్ని చూడకుండానే దాని కథ చెప్పుకున్నారు: నలుగురు స్నేహితులు విడిపోతుండగా తీసిన సినిమా అని.

తేదీలు చూస్తే ఆ కథ అంత సూటిగా లేదు.

1969 జనవరి 2న లండన్ దగ్గరి ట్వికెన్‌హామ్ స్టూడియోలో చిత్రీకరణ మొదలైంది. దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్. కొత్త పాటలు సాధన చేసి టెలివిజన్‌కు ఒక కచేరీ ఇవ్వాలన్నది తలపు. 10న జార్జ్ హారిసన్ విసిగి వెళ్ళిపోయాడు. కొద్ది రోజులకే తిరిగివచ్చాడు. మకాం సావిల్ రో వీధిలోని సొంత కంపెనీ భవనపు నేలమాళిగకు మారింది. బిల్లీ ప్రెస్టన్ కీబోర్డు ముందు కూర్చున్నాక పని ఊపందుకుంది. 30న అదే భవనం మేడమీద, చలిగాలిలో, 40 నిమిషాలకు పైగా వాయించారు. పోలీసులు మేడెక్కి వచ్చేదాకా ఆపలేదు.

ఆ తరవాత అదే ఏడు వాళ్ళు ‘యాబీ రోడ్’ అనే గొప్ప రికార్డు చేశారు. అంటే జనవరితో బృందం ముగిసిపోలేదు. సినిమా మాత్రం 1970 మేలో విడుదలైంది. బృందం విడిపోయిందన్న వార్త అంతకు నెల ముందే, ఏప్రిల్‌లో, పత్రికలకెక్కింది. లండన్ తొలి ప్రదర్శనకు నలుగురిలో ఒక్కరూ రాలేదు. చావుకబురు విని వచ్చినవాళ్ళకు ప్రతి మౌనమూ తగవులాగే కనబడుతుంది గదా! గిటారు వాయింపు గురించి పాల్, జార్జ్ మధ్య నడిచిన చిన్న మాటామాటా సినిమా మొత్తానికి గుర్తయి కూర్చుంది. చిత్రమేమంటే, జార్జ్ వెళ్ళిపోవడం అందులో లేనేలేదు.

నాడు తీసిన దాదాపు 60 గంటల ఫిల్ము నుంచే 2021లో పీటర్ జాక్సన్ ‘గెట్ బ్యాక్’ కూర్చాడు. దాదాపు ఎనిమిది గంటల చిత్రం. ఆ నిష్క్రమణా, వాళ్ళ నవ్వులూ రెండూ అందులో ఉన్నాయి. ఆపైన బాగుచేసిన పాత సినిమాను నేను 2024లో చూశాను. ఎనభై నిమిషాల్లో నాకు కనబడింది అలసట, విసుగు, వాటి నడుమనే కుదురుతున్న పాట. పగ కనబడలేదు.

పెట్టెలో ఉన్న వస్తువు తన తరఫున మాట్లాడుకోలేదు. బయటివాళ్ళు చెప్పిందే దాని చరిత్ర అవుతుంది. తరాల కిందట ఊరు విడిచి వచ్చిన మన ఇళ్ళలోనూ అలాంటి పెట్టెలున్నాయి. వాటిలో తాతల ఉత్తరాలున్నాయి. ఆ తెలుగు చదవగలిగిన కళ్ళు ప్రతి ఇంటా తగ్గిపోతున్నాయి. మూత తీయవలసింది ఇప్పుడే.