చిరునామా ఎవరి మిల్కియత్?

చిరునామా అనే తెలుగు మాట ఫారసీ ‘సర్‌నామా’ నుంచి వచ్చింది. ఉత్తరం పైభాగాన రాసే పేరు, ఊరు అని దాని మతలబు. ఉర్దూలో మనం పతా అంటాం. ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌కు కూడా ఇలాంటి పతా ఉంటుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఈ పతాల తవారీఖ్ జాగీర్లతో మొదలై సరాయి దాకా వచ్చింది.

1981 సెప్టెంబర్‌లో ఐపీ నాలుగో వెర్షన్ నియమాలు వెలువడ్డాయి. ఒక్కో చిరునామాకు 32 బిట్లు. అంటే మొత్తం సుమారు 430 కోట్ల చిరునామాలు. వీటి హిసాబ్ కితాబ్ చూసిన మున్షీ జాన్ పోస్టెల్. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల యంత్రాలే కాబట్టి అడిగినవాళ్ళకు ధారాళంగా ఇచ్చేశారు. ఎంఐటీ, ఫోర్డ్, యాపిల్ లాంటి సంస్థలకు ఒక్కోదానికి 1.67 కోట్ల చిరునామాల జాగీరు దక్కింది. బద్‌నీయత్ ఏమీ లేదు. ఇన్ని కోట్లూ ఒకనాడు చాలకుండా పోతాయని అప్పుడెవరూ అనుకోలేదు, అంతే.

ఇరవై ఏళ్ళు తిరక్కుండానే కటకట మొదలైంది. 1993లో చిరునామాలను చిన్న చిన్న ముక్కలుగా పంచే పద్ధతి తెచ్చారు. 1996లో ఇంటి లోపల వాడుకునే ప్రైవేటు చిరునామాలను ఖరారు చేశారు. అయినా 2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలోని ఆఖరి ఐదు పెద్ద వాటాలు ఐదు ప్రాంతీయ సంస్థలకు వెళ్ళిపోయాయి. ఆ ఏప్రిల్‌లోనే ఆసియా పసిఫిక్ సంస్థ ఏప్‌నిక్ రేషన్ పెట్టింది. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఉన్న మన ఆసియా దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చేసరికి దేగ్ అడుగంటింది.

హైదరాబాద్ రాజ్యంలో జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఇంటర్నెట్ జాగీర్లను మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. తన దగ్గర 1.4 కోట్ల చిరునామాలు వాడకుండా పడి ఉన్నాయని ఎంఐటీయే 2017లో ప్రకటించింది. 80 లక్షలకు పైగా అమ్మకానికి పెట్టింది. అమెజాన్ కొనుక్కుంది.

అమెజాన్‌కు అన్ని చిరునామాల జరూరత్ ఎందుకు? క్లౌడ్ కోసం. 2006లో అది కంప్యూటర్లను గంటల లెక్కన కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ యంత్రం నిమిషాల్లో పుడుతుంది, నిమిషాల్లో పోతుంది. కొత్త యంత్రం తీసుకుంటే పతా కూడా మారేది. దీనికి ఇలాజ్‌గా 2008 మార్చిలో ఎలాస్టిక్ ఐపీ తెచ్చారు. 2010లో నాసా, ర్యాక్‌స్పేస్ కలిసి మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్‌లో దీన్నే ఫ్లోటింగ్ ఐపీ అంటారు. అంటే తేలియాడే చిరునామా.

దీని తరీఖా సులువే. లోపలి యంత్రానికి ప్రైవేటు చిరునామా మాత్రమే ఉంటుంది. బయటి చిరునామా దర్వాజా దగ్గరి రౌటర్ దగ్గర ఉంటుంది. వచ్చిన సమాచారాన్ని ఆ రౌటరే లోపలికి మళ్ళిస్తుంది. తన బయటి పతా ఏమిటో యంత్రానికే తెలియదు. అది చెడిపోతే అదే పతాను ఇంకో యంత్రానికి తిప్పేయవచ్చు. సరాయిలో గది ఒకటే, ముసాఫిర్లు మారుతుంటారు.

పేచీ అంతా ఉమ్మడి వాడకంలోనే. యంత్రాన్ని తీసేసినా ఫ్లోటింగ్ చిరునామా ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండిపోతుంది. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వదిలేయాలి. ఓపెన్‌స్టాక్ మామూలుగా ఒక్కో ప్రాజెక్టుకు 50 దాకా ఇస్తుంది. ఒక యూనివర్సిటీ క్లౌడ్ దగ్గర 256 చిరునామాలు ఉన్నాయనుకోండి. ఐదు ప్రాజెక్టులు కోటా మొత్తం పట్టుకుని కూర్చుంటే ఆరో ప్రాజెక్టుకు మిగిలేది సున్నాకు దగ్గర. పట్టుకున్నవాళ్ళకు అది కబ్జా అనే ఖయాల్ కూడా ఉండదు. అమెజాన్ మొదట వాడకుండా ఉంచిన చిరునామాకే జుర్మానా వేసేది. 2024 ఫిబ్రవరి నుంచి వాడినా వాడకున్నా ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ గంటకు అర సెంటు కిరాయా వసూలు చేస్తోంది.

వదిలేసేటప్పుడూ ఎహ్తియాత్ కావాలి. వెబ్‌సైటు పేరును చిరునామాతో కలిపే డీఎన్‌ఎస్‌లో పాత నంబరు చెరిపేయకపోతే, ఆ చిరునామా తర్వాత ఎవరికి దక్కితే మన సందర్శకులు వాళ్ళ గుమ్మంలోకే వెళతారు. వాడు దగాబాజ్ అయితే మన పేరుతోనే దుకాణం తెరుస్తాడు. ఇంకో సంగతి. పాత కిరాయాదారు స్పామ్ మెయిళ్ళు పంపి ఉంటే ఆ చిరునామా బ్లాక్‌లిస్టుకు ఎక్కుతుంది. తర్వాత వచ్చిన బేకసూర్ మెయిళ్ళు కూడా తిరిగొస్తాయి. పతా చూసి మనిషిని తూకం వేసే అలవాటు యంత్రాలకూ అంటుకుంది.

128 బిట్ల ఐపీవీ6తో కరువు తీరుతుంది, కానీ పాత చిరునామాలే వాడే లోకం ఇంకా చాలా ఉంది. అందాకా ఇంతెజామ్ మన చేతుల్లోదే. ప్రతి చిరునామాకూ ఒక జిమ్మేదారు పేరు, తీసుకున్న తేదీ రాసి పెట్టుకోవాలి. నెలకోసారి ఫిహ్రిస్తు తిరగేసి లావారిస్‌గా ఉన్నవాటిని వెనక్కి ఇవ్వాలి. ఇచ్చేముందు డీఎన్‌ఎస్ సాఫ్ చేయాలి. ఫ్లోటింగ్ ఐపీ మన మిల్కియత్ కాదు, అమానత్. పని అయిపోగానే దాని మీద హక్కు వరసలో నిలబడ్డ తర్వాతి వాళ్ళది.