పచ్చి మొక్కలో లేని మత్తు

సోడియం ఎసిటేట్‌ను సోడాలైమ్‌తో కలిపి వేడిచేస్తే మీథేన్ వస్తుందని ఇంటర్మీడియట్ పాఠంలో మీరు చదివే ఉంటారు. అక్కడ జరిగేదేమిటి? వేడికి అణువులోని కార్బాక్సిల్ సమూహం విడిపోతుంది. ఈ చర్యనే డీకార్బాక్సిలేషన్ అంటారు. ఇటువంటి చర్యే రసాయన శాస్త్రజ్ఞులను వందేళ్ళకు పైగా ఏమార్చిందంటే నమ్ముతారా? ఆ కథ గంజాయి మొక్కది. నార కోసం, గింజల కోసం పెంచే గంజాయి రకాలనే హెంప్ అంటారు. మన పొలాల్లో పండే జనుము, గోగు వేరే మొక్కలు.

కథ మన దేశంలోనే మొదలవుతుంది. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ గంజాయిపై తన పరిశోధనలను ప్రకటించాడు. ధనుర్వాతం రోగుల్లో కండరాల బిగింపు సడలడం ఆయన గమనించాడు. ఆయన మందు ఎలా తయారైందో చూడండి: ఎండిన పూగుత్తులను ఆల్కహాల్‌లో మరిగించి, ఆ ద్రావణాన్ని మరిగే నీటి కుండపై ఆవిరి చేసి, మిగిలిన జిగురును వాడాడు. అంటే మొదటి అడుగులోనే వేడి తగిలింది!

ఆ తరువాతివారూ అదే దారి పట్టారు. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివే, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు చరస్‌ను తక్కువ పీడనం వద్ద స్వేదనం చేసి ఎర్రటి నూనెను పొందారు. దాని నుండే 'కన్నాబినాల్'ను వేరుచేశారు. మత్తుకు కారణం అదేననుకున్నారు. కాని అసలు మత్తు పదార్థం ఆక్సీకరణం చెందగా మిగిలేదే కన్నాబినాల్ అని తరువాత తేలింది. వారు పట్టుకున్నది దొంగను కాదు, దొంగ అడుగుజాడను.

1955లో చెకోస్లోవేకియాలోని ఒలోమోట్స్‌లో క్రెయ్‌చీ, షాంతవీ అనే శాస్త్రజ్ఞులు ఈ మొక్క నుండి ఒక ఆమ్లాన్ని వేరుచేశారు. అదే కన్నాబిడియోలిక్ ఆమ్లం. ఇజ్రాయెల్‌లో గావోని, మెషూలమ్ 1964లో అసలు మత్తు పదార్థమైన టెట్రాహైడ్రోకన్నాబినాల్ (టి.హెచ్.సి.) నిర్మాణాన్ని నిర్ణయించారు. మరుసటి ఏడాదే దానికి సంబంధించిన ఆమ్లమూ దొరికింది. 1995లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమ్‌ను వేరుచేసి చూపారు. మొక్క నేరుగా తయారుచేసేది ఆమ్లాన్నే, టి.హెచ్.సి.ని కాదు!

ఆమ్లపు అణువులో 22 కార్బన్, 30 హైడ్రోజన్, 4 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. అణుభారం సుమారు 358. వేడికి 44 అణుభారం గల కార్బన్ డై ఆక్సైడ్ వెళ్ళిపోతే మిగిలేది 314, అదే టి.హెచ్.సి. అంటే 100 గ్రాముల ఆమ్లం నుండి సుమారు 88 గ్రాములు వస్తుందన్నమాట. ఆమ్లానికి మత్తు కలిగించే గుణం లేదు. వాయువు పోయిన తరువాత మిగిలినదానికి ఉంది. 100 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. ఎండలోను, నిలవలోను నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. కనుక 'పచ్చిది కదా, ప్రమాదం లేదు' అనుకోవడం పొరపాటు. ఎండిన ఆకుతో చేసే భంగు మత్తెక్కించడానికి ఇదొక కారణం.

ఇదంతా మనకెందుకు అంటారా? హెంప్ సాగును అనుమతించే అనేక చోట్ల పంటలో టి.హెచ్.సి. 0.3 శాతం మించరాదన్నది నియమం. ఒక రైతు పంట నమూనా ప్రయోగశాలకు వెళ్ళిందనుకోండి. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో నమూనా 200 డిగ్రీలకు మించిన వేడిలో ప్రవేశిస్తుంది. ఆమ్లం అక్కడికక్కడే చాలావరకు టి.హెచ్.సి.గా మారిపోతుంది. ద్రవ క్రొమటోగ్రఫీలో అంత వేడి ఉండదు గనుక రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఒకే ఆకుకు రెండు అంకెలు! మొదటిది 'వేడిచేస్తే ఎంత అవుతుంది?' అన్న ప్రశ్నకు దగ్గరి జవాబు; రెండోది 'ఇప్పుడు ఎంత ఉంది?' అన్నదానికి. చట్టం ఏ ప్రశ్న అడుగుతున్నదో తేల్చకుండా అంకెను మాత్రమే చూస్తే, నిబంధన పాటించిన రైతు పంట తగలబడవచ్చు, పాటించనివాడు తప్పించుకోనూవచ్చు.

రేపు మీరు ప్రయోగశాలలో ఏ పదార్థాన్ని పరీక్షించినా ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను చూస్తున్నది మొక్క చేసినదా, నా బర్నర్ చేసినదా?